పెన్సిల్‌తో పెట్టిన ప్రశ్నార్థకం

పోయిన నెల ఒక మంగళవారం, నలుగురి ముందు, మా సీనియర్ నా ఫీల్డ్ నోట్‌బుక్ తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టారు.

"ఇది నీ రాతేనా?"

నాదే. డ్రిల్లు వేసి తీసిన రాతి కోర్ బొమ్మ, దాని పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం, కింద తేదీ. మూడు నెలల కిందటి తేదీ.

"అంటే ఆ రోజే చూశావు. మరి నాకెందుకు చెప్పలేదు?"

నోట మాట రాలేదు. ఆయన గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు. "నేను తప్పు చేస్తున్నానని తెలిసి కూడా నువ్వు ఊరుకుంటే, ఇక ఇద్దరం కలిసి పనిచేస్తున్నామని ఎలా అనుకోను?" అని నోట్‌బుక్ మూసి ఇచ్చేశారు. ఇంగ్లీషులో మీరు, నువ్వు అనే తేడా లేదు. అయినా ఆ మాట నా చెవిలో "నువ్వు" అనే పడింది. ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడేటప్పుడు అనే "నువ్వు".

జరిగింది చెప్పాలంటే ముందు రాళ్ళ సంగతి చెప్పాలి. మేం పనిచేసేది ఆస్ట్రేలియాలో, సిడ్నీ బేసిన్‌లో. సిడ్నీకి దక్షిణాన ఇల్లవారా తీరం వెంట సముద్రం కొండను కోసేసిన చోట బొగ్గు పొరలు బయటికే కనిపిస్తాయి. అన్నిటికంటే పైది బుల్లై సీమ్. దాని పైన ఇసుకరాయి ఉంది, బంకరాయి ఉంది, బొగ్గు మాత్రం లేదు. ఇక్కడే కాదు, ఆ తర్వాత దాదాపు కోటి ఏళ్ళపాటు భూమ్మీద ఎక్కడా బొగ్గు పొర ఏర్పడలేదు. పెర్మియన్ యుగం ముగిసే వేళ, అంటే సుమారు 25.2 కోట్ల ఏళ్ళ కిందట, ఈ దక్షిణాది నేలల్లో బొగ్గుగా మారిన అడవులు పోయాయి, గ్లోసోప్టెరిస్ అనే చెట్ల అడవులు. సముద్ర జీవుల మహా వినాశనానికి సుమారు 3,70,000 ఏళ్ళ ముందే సిడ్నీ బేసిన్‌లో ఆ అడవి కూలిపోయిందని 2019లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. అంత సన్నటి లెక్క తేల్చేది అగ్నిపర్వతాల బూడిద. బూడిద పొరలోని జిర్కాన్ అనే ఖనిజపు రేణువుల్లో యురేనియం ఎంతమేరకు సీసంగా మారిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. ఆఖరి ఆకుకు పైన పడిన బూడిద ఏది, కింద పడినది ఏది అన్నదాని మీదే మా పని మొత్తం నిలబడి ఉంది.

ఆ రోజు కోర్ షెడ్డులో పెట్టెలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. ఒక పెట్టెలో మీటరు ముక్క. దాన్ని లెన్స్‌తో చూస్తుంటే మట్టిరాయిలో వేళ్ళ ఆనవాళ్ళు కనిపించాయి. గ్లోసోప్టెరిస్ వేళ్ళకు వెర్టిబ్రేరియా అని వేరే పేరుంది, వెన్నుపూసల్లా గళ్ళుగళ్ళుగా ఉంటాయి కాబట్టి. వాటి నుంచి పిల్లవేళ్ళు చీలి సన్నబడుతూ పోతున్నాయి, కానీ పైకి. ఏ చెట్టు వేళ్ళయినా కిందికే పోతాయి కదా. ఫొటోలు తీశాక ఎవరో ఆ ముక్కను తిప్పి పెట్టేశారు. దాంతో ఆకుల కింద ఉండాల్సిన బూడిద పొర ఆకుల పైకి వచ్చింది. సీనియర్ అప్పటికే దాని పక్కన "ఆఖరి ఆకుల పైన" అని లేబుల్ రాసి ఉన్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పొరలు చూస్తున్న మనిషి.

నేను ప్రశ్నార్థకం పెట్టుకుని పక్క పెట్టెకు వెళ్ళాను.

ఆ బూడిదను పొడి చేసి, కడిగి, జిర్కాన్ రేణువులు ఒక్కొక్కటే ఏరి వయసు తీశారు. మూడు వారాల పని. వచ్చిన వయసు దేనికీ సరిపోలేదు. చివరికి డ్రిల్లింగ్ చోట తీసిన ఫొటోలతో పోల్చి చూస్తే ముక్క తలకిందులుగా ఉందని తేలింది. మిగతా వాళ్ళ నోట్‌బుక్కులు కూడా చూద్దామని తెరిస్తే నా పేజీ బయటపడింది.

ఆ రాత్రి నిద్ర పట్టక నాకు నేను ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. మనవాళ్ళకైతే ఎక్కువ వివరించక్కర్లేదు. "సార్" అని పిలిచి పెరిగిన వాళ్ళం. నాలుగేళ్ళయినా ఆయన్ని పేరు పెట్టి పిలవడం నాకు చేతకాలేదు, వాక్యాన్ని ఎలాగోలా తిప్పి పేరు రాకుండా లాక్కొస్తాను. పెద్దాయన రాసిన లేబుల్ మీద నలుగురి ముందు వేలు పెట్టడం తప్పు దిద్దడంలా కాదు, చెయ్యెత్తినట్టు అనిపిస్తుంది. దీన్ని ఇక్కడివాళ్ళు భయం అంటారు. ఆ మాట ఒప్పుకోను. మా గురువుగారితో ఫీల్డుకు వెళ్ళినప్పుడు ఆయన పొరపాటు పడితే "సార్, ఇక్కడ ఇంకోసారి చూద్దామా?" అని లెన్స్ చేతికిచ్చేవాళ్ళం. ఆయన చూసేవారు. "అవున్రా" అనేవారు. తప్పు దిద్దబడేది, ఎవరి తలా వంగేది కాదు. అది కూడా ఒక పద్ధతే. నిజం చెప్పడానికి ఉన్న దారి ఒక్కటేనా?

మనవాళ్ళు పెద్దలతో వాదించలేదా అంటే, శిలాజ మొక్కల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని సంగతే చూడండి. కేంబ్రిడ్జ్‌లో ఆయన గురువు ఆల్బర్ట్ సీవార్డ్. 1912లో అంటార్కిటికా మంచులో దక్షిణ ధ్రువ యాత్రికుడు కెప్టెన్ స్కాట్ బృందం శవాల దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికితే, వాటిలో గ్లోసోప్టెరిస్ ఆకును గుర్తించి 1914లో ప్రకటించినది ఆ సీవార్డే. గురుశిష్యులిద్దరూ కలిసి 1920లో భారత గోండ్వానా (అప్పటి దక్షిణాది మహాఖండం) మొక్కల మీద పెద్ద పరిశీలన వెలువరించారు. శిలాజ వృక్షశాస్త్రంలో మన దేశంలో సాహ్నిని మించిన పేరు లేదు. అంతటివారు ఇప్పటి పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్ కొండల ఉప్పు పొరల్లో మైక్రోస్కోపు కింద మొక్కల తునకలు చూసి, అవి ఈయోసిన్ కాలం నాటివి, అంటే వయసులో చిన్నవి అన్నారు. కాదు, అంతకంటే ఎంతో పాతదైన కేంబ్రియన్ కాలం నాటివని మన దేశంలో పనిచేసే జియాలజిస్టులే ఎదురు నిలిచారు. 1940లలో సభలు పెట్టుకుని ఆయన ఎదుటే వాదించారు. ఇప్పుడు ఆ పొరలను తొలి కేంబ్రియన్ నాటివిగానో అంతకంటే పాతవిగానో లెక్కిస్తున్నారు. సాహ్ని మాట నిలవలేదు, గౌరవం వెంట్రుకవాసి తగ్గలేదు. లక్నోలో ఆయన 1946లో నెలకొల్పిన సంస్థ ఆయన పేరుతోనే నడుస్తోంది. కాబట్టి మనకు ప్రశ్నించడం రాదు అంటే నాకు కోపం వస్తుంది.

ఇంత గట్టిగా వాదించుకున్నాక ఒక సంగతి దగ్గర ఆగిపోయాను. నేను "ఇంకోసారి చూద్దామా" అని కూడా అనలేదు కదా. లెన్స్ కూడా చేతికివ్వలేదు. మన పద్ధతి పాటించినా ఆ మూడు వారాలు మిగిలేవి. మరి నన్ను ఆపిందేమిటి?

నా కాంట్రాక్టు రెండేళ్ళకోసారి రెన్యూ అవుతుంది. దానికి వీసా ముడిపడి ఉంది. వీసాకు పాప స్కూలు, అద్దె ఇల్లు, ఊళ్ళో అమ్మానాన్నలకు చెప్పిన మాటలు అన్నీ ముడిపడి ఉన్నాయి. నా పక్క బల్ల మీద కూర్చునే అబ్బాయి పీహెచ్‌డీ రెండో ఏడు. అదే సీనియర్‌తో "అది కరెక్ట్ కాదు" అని నవ్వుతూ అనేస్తాడు. నాకది ముచ్చటగా ఉంటుంది, ఒళ్ళు మండుతుంది కూడా. మాట తేడా వస్తే వాడు పోయేది ఇంకో ల్యాబ్‌కు. నేను పోయేది ఎయిర్‌పోర్ట్‌కు. ఆయన ఎప్పుడూ అలా బెదిరించలేదు, ఆయన మనసులో ఆ ఊహ కూడా ఉండదని నాకు తెలుసు. కానీ వలస వచ్చినవాడికి ప్రతి మాట ముందూ ఆ లెక్క ఒకటి నడుస్తూనే ఉంటుంది. నేను దాన్ని ఇన్నాళ్ళూ గౌరవం అని పిలుచుకున్నాను. రెండూ ఒకే సంచిలో పెట్టుకుంటే ఏది ఏదో నాకే తెలియకుండా పోయింది.

ఆదివారం నాన్నకు ఫోన్ చేశాను. నాన్న సింగరేణిలో, అండర్‌గ్రౌండ్‌లో టింబర్‌మన్‌గా, అంటే గని కప్పుకు కర్రలు దన్ను పెట్టే పని చేసి రిటైరయ్యారు. నేను ఈ చదువులోకి రావడానికి కారణం ఆయన తెచ్చిచ్చిన ఒక రాతిపలక. బొగ్గు సీమ్ మీది కప్పు నుంచి ఊడిపడ్డ నల్లటి పలక, దాని మీద అరచేతి పొడవున ఒక ఆకు. నడుమ లావుపాటి ఈనె, దాని నుంచి రెండు వైపులా వల అల్లినట్టు సన్నటి ఈనెలు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, మామిడాకే అనుకున్నాను. అదే ఆకును ఇరవై రెండేళ్ళ తర్వాత ఇల్లవారా కొండచరియలో సుత్తి దెబ్బకు విచ్చుకున్న రాతిలో చూసినప్పుడు అక్కడే కూలబడ్డాను. గోదావరి లోయా, ఈ తీరమూ, అంటార్కిటికా అప్పట్లో ఒకే నేల అని పుస్తకంలో చదవడం వేరు, ఆ వల ఈనెలను వేలితో తడమడం వేరు.

మొత్తం విన్నాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

"నువ్వు చూసినవా?"

"చూశాను నాన్నా."

"చూసి సప్పుడు చెయ్యకుంట ఉన్నవా?"

గనిలో షిఫ్టు మొదలుపెట్టే ముందు కప్పును కర్రతో తట్టి చూస్తారు. గణగణమంటే గట్టిది. బోలు చప్పుడు వస్తే పొర విడింది, కింద ఎవరూ నిలబడకూడదు. ఆ చప్పుడు విన్నవాడు నిన్న చేరిన బదిలీ వర్కరైనా సరే అరవాల్సిందే, కింద నిలబడ్డది ఓవర్‌మన్ అయినా, మేనేజర్ అయినా. "అక్కడ సారూ గీరూ ఏముంటది బిడ్డా, మనిషుంటడు" అన్నారు నాన్న. ఆయన కూడా మేనేజర్ కనిపిస్తే చెప్పులు విడిచి నిలబడే మనిషే. ఆ రెండూ ఆయనలో ఎప్పుడూ కొట్టుకోలేదు.

సోమవారం పొద్దున్నే నాలుగేళ్ళ నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. ఆరు పుస్తకాలు. మార్జిన్లలో పెన్సిల్ ప్రశ్నార్థకాలు ముప్ఫై ఒకటి. చాలావాటిలో తప్పు నాదేనని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, అప్పుడే అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. నాలుగైదు ఆయనవి. మిగతావి ఎటూ తేలవు. పేజీలకు చీటీలు పెట్టి ఆయన గదికి తీసుకెళ్ళాను. పేరు మాత్రం పిలవలేకపోయాను, "ప్రొఫెసర్" అనే అన్నాను. "వీటిని ఇంకోసారి చూద్దామా?" అని అడిగాను.

ఆయన కుర్చీ లాగి తన పక్కన వేశారు. మధ్యాహ్నం దాకా కూర్చుంటే ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోది ఇసుకరాయి అడుగున ఉన్న ఒక సన్నటి పొర గురించి. అది బూడిదా, మామూలు బంకమట్టా అన్నది. నేను బూడిద అన్నాను, ఆయన కాదన్నారు, నేను మళ్ళీ బూడిదే అన్నాను. కాగితం మీద తేలేది కాదు, అక్కడికి వెళ్ళి చూడాల్సిందే. ఆ రాయి నీళ్ళలోంచి బయటపడేది సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడే. గురువారం పొద్దున ఆరింటికి తగ్గుతుంది. సుత్తి, లెన్స్, నోట్‌బుక్ సంచిలో సర్దిపెట్టుకున్నాను.