పాత బట్టల మూట కట్టే ముందు ఒక్క నిమిషం

భూకంపం వార్త చూడగానే మనసు ఆగదు, బీరువా తెరిచి పాత బట్టలు మూట కట్టేస్తాం, నేనూ అదే చేసేదాన్ని. ఒకసారి సహాయ సామాన్లు సర్దే చోట కూర్చున్నాక తెలిసింది, ఒక మూటలో జిప్పు పోయిన ప్యాంటు, జత లేని చెప్పు, వాటిని ఏరడానికే ముగ్గురికి పూటంతా పట్టింది.

భూకంపం వచ్చిన చోట కుటుంబాలకి ముందు కావాల్సింది నీళ్లండీ. సహాయక సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో తాగడానికి, వంటకి, ఒళ్లు కడుక్కోడానికి కలిపి మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, తలదాచుకోడానికి 3.5 చదరపు మీటర్ల చోటు, 20 మందికి ఒక మరుగుదొడ్డి. దానికి లోపల గడియ, దారిలో లైటు లేకపోతే ఆడవాళ్లు చీకటి పడ్డాక వెళ్లలేరు, అందుకని నీళ్లు తాగడమే తగ్గించేస్తారు, నాకు అన్నిటికంటే బాధేసేది ఇదే.

ఇల్లు నిలబడే ఉంది కదా అని లోపల పడుకోమనకూడదు. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో కంపించాక మే 12న మళ్లీ 7.3 వచ్చింది. అందుకే బయట తలదాచుకోడానికి టార్పాలిన్, తాడు, దుప్పట్లు, వాటితో పాటు శానిటరీ ప్యాడ్లు కావాలి.

అంగళ్లు తెరిచుంటే మాత్రం డబ్బులే ఇవ్వండి, బిడ్డకి మందు కావాలో పాలు కావాలో ఆ తల్లికే బాగా తెలుసు.