మాత్రలు మానేస్తేనే విశ్వాసమా?

గుంటూరులో మిర్చి సీజన్‌లో దగ్గితే ఎవరూ పట్టించుకోరు. యార్డు ఘాటు అంటారు, అంతే. సాయంత్రం జ్వరం, రాత్రిళ్లు చెమటలు, బ్లౌజులన్నీ వదులైపోవడం చూశాక గానీ మా ఇంట్లో కళ్లె పరీక్ష మాట రాలేదు. దగ్గు రెండు వారాలు దాటితే ఆ పరీక్ష చేయించాల్సిందే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నాకు టీబీ అని తేలింది. ఎక్స్‌రే, ప్రభుత్వ టీబీ నమోదు పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కించడం, అన్నీ మామూలే.

మామూలు కానిది ఒక మాట. ప్రార్థనకని ఇంటికొచ్చిన ఒక బ్రదర్ ఆమేన్ అన్నాక నా వైపు తిరిగి, "దాచుకున్న పాపమేదో ఉందమ్మా, ఒప్పుకో. నిజంగా విశ్వసిస్తే ఈ మాత్రలెందుకు?" అన్నాడు. స్టూలు మీద ఉన్న ఎర్ర మాత్రల పట్టీని అమ్మ మెల్లగా తీసి కొంగులో దోపుకుని, "కాఫీ తాగండి బాబూ" అంది. ఆమె ఇంకేమీ అనలేదు. ఆ కోపమంతా నాకే మిగిలింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ. కొన్ని వారాలకే జ్వరం పోతుంది, ఆకలి వేస్తుంది. సరిగ్గా అప్పుడే చాలామంది మానేస్తారు. లోపల మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి, మందుకు లొంగనివిగా మారే ప్రమాదమూ ఉంది. మూత్రం నారింజ రంగులో వస్తే భయం లేదు, అది రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, రంగులు సరిగా కనబడకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక రాత్రి దగ్గితే సింకులో రక్తం పడింది. ఎర్రగా, నురగతో. కుళాయి తిప్పినా తెల్లటి పింగాణీ మీద చారలు పోలేదు. అన్నయ్య ఆటో కోసం పరిగెత్తాడు. అమ్మ నన్ను జబ్బు ఉన్న పక్కకే ఒరిగించి పడుకోబెట్టింది, రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి పోకుండా. డాక్టరమ్మ ఎప్పుడో చెప్పిన మాట, అమ్మకు గుర్తుంది. నా నోటికి మాత్రం వచ్చింది బేరమే: ప్రభువా, తెల్లారేదాకా ఉంచితే ఇది చేస్తా, అది ఇస్తా. ఆటోలో గుర్తొచ్చినవాడు లూకా 23లో యేసు పక్కన సిలువ మీదున్న దొంగ. వాడి దగ్గర బేరానికి ఏమీ లేదు. మంచి పనులకు టైము లేదు, బాప్తిస్మానికి దారి లేదు. తనకు పడింది తగిన శిక్షేనని ఒప్పుకుని, యేసును తనను జ్ఞాపకం చేసుకోమన్నాడు. ఈ రోజే నాతో పరదైసులో ఉంటావన్న మాట దానికే దొరికింది. వాడి ఒంటికి స్వస్థత మాత్రం రాలేదు, గమనించండి.

సువార్త సారం 1 కొరింథీ 15:3-4లో ఉంది: క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడో రోజున లేచాడు. అందరూ పాపం చేశారు (రోమా 3:23), పాపానికి జీతం మరణం, నిత్యజీవం మాత్రం దేవుడు ఊరికే ఇచ్చేది (6:23). ఆరోగ్యంగా ఉన్న పాపులకో, టీబీ ఉన్న పాపులకో వేరే లెక్క లేదు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ని చూసి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదన్నాడు యేసు. పౌలు తన తోటివాడైన త్రోఫిమును మిలేతు ఊళ్లో జబ్బుతోనే వదిలి వెళ్లాడు (2 తిమోతి 4:20). ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు. మన ఊరికే 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ మిషనరీ, డాక్టరు కూడా. ఆవిడకు విశ్వాసం వైద్యానికి అడ్డం రాలేదు, వైద్యం విశ్వాసానికీ అడ్డం రాలేదు.

మరి స్పందించడం ఎలా? పాపాన్ని మొత్తంగా కాదు, పేరు పెట్టి దేవుని ముందు ఒప్పుకోవాలి, దాన్ని విడిచి తిరగాలి. యేసు ప్రభువని నోటితో ఒప్పుకుని, దేవుడు ఆయన్ను మృతుల్లోంచి లేపాడని హృదయంలో నమ్మాలి (రోమా 10:9). తర్వాత బాప్తిస్మం, సంఘం, ప్రభువు బల్ల. ఫిలిప్పీ చెరసాల నాయకుడు నమ్మిన రాత్రే ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. చిన్నప్పుడే పొందినవారికి లూథరన్ సంఘంలో మళ్లీ ఇవ్వరు, బాప్టిస్టులు నమ్మి ఒప్పుకున్నవారికే ఇస్తారు. మీ పాస్టరుగారిని అడగండి.

ఎక్కువమంది దెబ్బతినేది తమ విశ్వాసం ఎంత గట్టిదో కొలుచుకోవడం దగ్గర. కూడికకు వెళ్లిన ప్రతిసారీ రక్షణ ప్రార్థన మళ్లీ చేసేవాళ్లు ఉన్నారు, కన్నీళ్లు రాలేదు కాబట్టి పోయినసారిది చెల్లలేదేమోనని. రక్షించేది విశ్వాసం బరువు కాదు, క్రీస్తు. మార్కు 9లో ఒక తండ్రి నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యమని అడిగాడు. ఆ మాత్రం దానికే కొడుకు బాగయ్యాడు. ఇంకొకటి మొక్కుబడి. నయమైతే నమ్ముతాను అన్నవారు నయమయ్యాక మర్చిపోతారు, నయం కాకపోతే అలుగుతారు.

మా సంఘం అయ్యగారు యాకోబు 5:14 ప్రకారం పెద్దలతో వచ్చి, నూనె రాసి ప్రార్థించారు. వెళ్తూ గుమ్మం దగ్గర అమ్మను అడిగారు, "పాప పొద్దున మాత్ర వేసుకుందా?" అని. ఆయనకు నేను రుణపడ్డాను.

కోర్సు అయిపోయి కళ్లె పరీక్ష నెగెటివ్ వచ్చాక ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. దేవునికి స్తోత్రం చెప్పి, నాలుగు మందుల పేర్లూ వరసగా చదివాను. ముందు వరసలో ఒకరిద్దరికి నచ్చలేదు. ఆరాధన అయ్యాక ఒకావిడ వెనక నుంచి వచ్చి, తన కొడుకు మధ్యలో మానేశాడని, ఇప్పుడు ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగింది.