బస్సు చివరి ఉకారం

నిన్న మధ్యాహ్నం థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్ ఇమిగ్రేషన్ కార్యాలయంలో, ఇక్కడ ఉండేందుకు నా పాస్‌పోర్టు మీద ఏడాది పొడిగింపు ముద్ర పడింది. బయటికి వచ్చి చెట్టు నీడన కూర్చుని ఇంటికి ఫోను చేశాను. అమ్మ అడిగిన మొదటి మాట, "ఇక నిన్ను వెనక్కి పంపించరు కదమ్మా?" అని. రెండు నెలలుగా నేను ఎవరికీ చెప్పకుండా దాచుకున్న భయం ఆమెకు ఎలా తెలిసిందో మరి. ఇంగ్లిషు పాఠం చెప్పడానికి థాయ్‌లాండ్ రావాలనుకునే మన టీచర్ల కోసం, వేడి తగ్గకముందే ఇది రాస్తున్నాను.

కాగితాల పనికి తెలివి అక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. పోలీసు క్లియరెన్సు, డిగ్రీ ధ్రువీకరణ, బడి ఇచ్చే నియామక పత్రం, ఆన్‌లైన్‌లో వీసా. ఇంగ్లిషు మాతృభాష కానివాళ్లను టోయిక్ అనే ఇంగ్లిషు పరీక్ష మార్కులు అడుగుతారు. 990కి 600 దాటాలన్నారు. ఎం.ఏ. ఇంగ్లిషు చదివి, గుంటూరు జిల్లాలో పదకొండేళ్లు పదో తరగతికి పాఠాలు చెప్పినదాన్ని. నాకు 965 వచ్చాయి. వీసా మీద తొంభై రోజులే ఉండనిస్తారు. ఆలోగా వర్క్ పర్మిట్, ఉపాధ్యాయ మండలి అనుమతి తెచ్చుకోవాలి. ఆ మండలి పేరు ఖురుసఫా. రెండుసార్లు పలికి చూడండి, గురుసభ వినిపిస్తుంది. దరఖాస్తులో 2025ను 2568 అని రాయాలి. వాళ్లది బౌద్ధ శకం, మన లెక్కకు 543 కలపాలి. నేను 2025 అని రాసిన కాగితం తిరిగి నా చేతికే వచ్చింది.

శాకాహారులు 'మంగ్సవిరత్' అనే మాట నేర్చుకోండి. మాంసవిరతే అది. అయినా బొప్పాయి సలాడ్‌లో కూడా చేపల సాస్ పోస్తారు. 'జే' అని అడిగితే అదీ ఉండదు.

ఇక అసలు సంగతి. బడి తెరిచిన రెండో వారం, నాలుగో తరగతిలో వాహనాల పేర్లు చెబుతున్నాను. నన్ను పనిలో పెట్టిన ఏజెన్సీ సమన్వయకర్త వెనక బెంచీలో కూర్చుని ఫోనులో రికార్డు చేసుకున్నాడు. పాఠం బాగుందనే అనుకున్నాను. తర్వాత స్టాఫ్ రూములో, నలుగురు టీచర్లు భోజనం చేస్తుండగా, ఆ ఫోను బల్ల మీద పెట్టి నా గొంతు వినిపించాడు. 'బస్సు', 'బుక్కు', 'ట్రక్కు'. ఒకసారి కాదు, మూడుసార్లు. ప్రతిసారీ ఆ చివరి ఉకారం దగ్గర వేలెత్తి చూపించాడు. పిల్లలు ఇంగ్లిషుకు బదులు ఇండియా భాష నేర్చుకుంటున్నారని ఒక తల్లి ఫిర్యాదు చేసిందట. ఎవరూ నవ్వలేదు. ఒకామె చెంచా కింద పెట్టి తల వంచుకుంది. ఆ తల వంచుకోవడమే నన్ను ఎక్కువగా కోసింది.

మర్నాటి నుంచి పదాలు పలకడానికి ఇరవై రెండేళ్ల కుర్రాణ్ని తెచ్చారు. అతని మాతృభాష ఇంగ్లిషు. అతను పలుకుతుంటే పక్కన బొమ్మల అట్టలు పట్టుకుని నిలబడటం నా పని. జీతం అతనికి నాకంటే పదివేల బాట్లు ఎక్కువ. కుర్రాడు మంచివాడే. కానీ 'చైల్డ్స్' అని ఎందుకు అనకూడదని ఒక పాప అడిగితే నావైపు చూశాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. మాట్లాడవద్దన్న ఆజ్ఞ గుర్తొచ్చి మూసుకున్నాను. పదకొండేళ్లలో ఒక బిడ్డ ప్రశ్నకు నేను జవాబు ఇవ్వని రోజు అదొక్కటే. ఆ రాత్రి ఏడ్చాను.

ఏడుపు అయ్యాక నా గొంతు నేనే రికార్డు చేసుకుని విన్నాను. ఉకారం ఉన్న మాట నిజమే. మనది అజంత భాష, ప్రతి మాట చివరా అచ్చు తగిలించకపోతే మన నోటికి తోచదు. తర్వాత పిల్లల గొంతులు విన్నాను. 'బస్' వాళ్లకు 'బట్' అవుతోంది, 'స్కూల్' 'సకూన్' అవుతోంది, 'ఫుట్‌బాల్' 'ఫుట్‌బాన్' అవుతోంది. థాయ్ భాషలో మాట చివర 'స' వస్తే 'ట'లా, 'ల' వస్తే 'న'లా మారిపోతుంది. నేను ఒక అచ్చు కలుపుతున్నాను, వాళ్లు హల్లునే మార్చేస్తున్నారు. ఇద్దరికీ కష్టం ఒక్క చోటే. అక్కడ కష్టం ఉందని ఆ కుర్రాడికి తెలిసే వీలే లేదు. అతనికి అది పుట్టుకతో వచ్చింది.

వారం రోజులు అద్దం ముందు సాధన చేశాను. అరచేయి నోటి ముందు పెట్టుకుని 'స్' అంటూ ఊపిరి సన్నగా వదలాలి. గాలి ఆగేదాకా గొంతు కలపకూడదు. మధ్యాహ్నం విరామంలో మైదానం పక్కన నలుగురు పిల్లలకు అదే నేర్పాను. మూడో రోజుకు పద్నాలుగు మంది అయ్యారు.

ఆ రోజుల్లోనే వై ఖ్రూ వచ్చింది. గురువులకు మొక్కే పండుగ, గురువారమే చేస్తారు. అట్టలు పట్టుకునే మనిషి దగ్గరికి ఎవరు వస్తారని చివరి కుర్చీలో కూర్చున్నాను. ఆ 'చైల్డ్స్' పాప మోకాళ్ల మీద నడుచుకుంటూ వచ్చి పళ్లెం అందించింది. గరిక, నూరువరహాల పువ్వులు, వంగ పువ్వు. గరికలా చదువు పాకాలని, నూరువరహాల మొగ్గలా బుద్ధి పదునెక్కాలని, వంగ పువ్వులా తల వంచి ఉండాలని అర్థమట. మన వినాయక చవితి పత్రిలోని గరికే, పరాయి దేశంలో నా ఒళ్లోకి వచ్చింది.

మర్నాడు ధైర్యం చేసి పెద్ద టీచరమ్మను మైదానం దగ్గరికి పిలిచాను. పిల్లలు అరచేతులు నోటి ముందు పెట్టుకుని 'బస్', 'హౌస్', 'స్కూల్' అన్నారు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. సోమవారం నుంచి నా తరగతి నాకు తిరిగి వచ్చింది. నా యాస తెలుగు యాసే, అది పోదు, పోవాలని నేను కోరుకోవడం లేదు. మాట చివర తప్పితే అర్థం తప్పుతుంది కాబట్టి అది దిద్దుకున్నాను. యాసను చూసి జీతం కోసేవాళ్లు మాత్రం టీచరును కాదు, చర్మాన్ని వింటున్నారు.

ఏజెన్సీల ద్వారా రాకండి. బడితోనే నేరుగా ఒప్పందం రాయించుకోండి. వేసవి సెలవులకు జీతం ఉందో లేదో సంతకానికి ముందే అడగండి. నాకు జీతం పది నెలలకేనని చేరాకే తెలిసింది. తొంభై రోజులకు ఒకసారి ఇమిగ్రేషన్‌కు చిరునామా తెలపడం మరిచిపోతే 2,000 బాట్లు జరిమానా. దేశం దాటేముందు తిరిగి ప్రవేశించే అనుమతి కొనకపోతే ఈ పొడిగింపు మొత్తం రద్దవుతుంది. ఆ అనుమతి ఒక్కసారికి 1,000 బాట్లు. నిన్ననే అది కూడా తీసుకున్నాను. అక్టోబరు సెలవుల్లో చెల్లి పెళ్లి ఉంది. నవంబరులో బడి తెరిచేసరికి మళ్లీ నా నాలుగో తరగతిలో ఉంటాను.