పదకొండు వరసలు, పది కాళ్ళు

సంచికకి ఏదో ఒకటి రాయమని మనవాళ్ళు అడిగినప్పటి నుంచీ ఆలోచిస్తుంటే నాకు గుర్తొస్తున్నవి బడి గచ్చు మీద వరసగా చాపుకున్న మట్టికాళ్ళే. 1984లో నేను మూడో తరగతి. ఖమ్మం జిల్లాలో మన ఊరి బడికి అప్పట్లో ఉన్నది ఒక్క గది, ఒక్క టీచరమ్మ, మూడు తరగతులు. ఒక తరగతికి చెబుతుంటే మిగతా రెండూ గోల. అందుకని ఆవిడ మూడింటికీ సరిపోయేది ఒకటి పట్టుకున్నారు, అదీ బడికి రాకముందే మా అందరికీ నోటికొచ్చిన పాట: కాళ్ళా గజ్జా కంకాళమ్మా. కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుంటే, ఒకరు పాడుతూ ఒక్కో కాలినీ చేత్తో తట్టుకుంటూ పోయే ఆట.

ఒకటో తరగతి వాళ్ళు కాళ్ళు లెక్కపెట్టాలి. రెండో తరగతి వాళ్ళు వెలగ, మోదుగ, గుమ్మడి అని పలకల మీద రాయాలి. మాకు మాత్రం అసలు చిక్కు. వరసకి రెండు తట్లు, మా ఊళ్ళో పాటకి పదకొండు వరసలు, అంటే 22 తట్లు. ‘కాలు తీసి కడగా పెట్టు’ అన్నప్పుడు చెయ్యి ఎవరి కాలి మీద ఉంటే వాళ్ళు ఆ కాలు మడవాలి. మా బ్యాచ్‌లో ఒకడు (పేరు రాయను, చదివేటప్పుడు వాడికే తెలుస్తుంది) ఎప్పుడూ మొదట కూర్చునేవాడు కాదు. టీచరమ్మ కనిపెట్టి ఎందుకురా అని అడిగితే, అయిదుగురం కూర్చుంటే మొదటివాడి రెండో కాలే పోతుందండీ అన్నాడు. ఆవిడ తిట్టలేదు. 22ని 10తో భాగించండి అన్నారు. రెండు సార్లు పోగా శేషం 2. మరి ఒకడు లేచిపోతే? ఎనిమిది కాళ్ళు, శేషం 6, మూడోవాడి రెండో కాలు. కూర్చుని చూస్తే నిజంగానే అదే కాలు! శేషం అంటే నాకు ఇప్పటికీ మడిచిన కాలే.

ఒకరోజు పెద్ద గొడవ. పక్క ఊరి నుంచి వచ్చి చేరిన అమ్మాయి ‘మోదుగ నీడా, నీడా కాదు నిమ్మల బావీ’ అంది. మేమేమో ‘మోదుగ నీరూ, నీరూ కాదు నిమ్మల వారీ’ అంటాం. టీచరమ్మ రెండూ బోర్డు మీద రాసి, ఇంటికెళ్ళి మీ నాయనమ్మల్ని, అమ్మమ్మల్ని అడిగి రండి అన్నారు. మర్నాటికి నాలుగు రకాలొచ్చాయి. ఏది కరెక్టు అంటే, అన్నీ రాసుకోండి అన్నారు. పాటలో వచ్చే బొమ్మల శెట్టి ఎవరండీ అంటే మాత్రం, నాకూ తెలీదురా అనేశారు.

పాటలోని గుమ్మడి మీసం చూపించడానికి బడి వెనక కంచె దగ్గరికి తీసుకెళ్ళారు. పాదు చివర సన్నటి పచ్చటి నులితీగ, దాని పక్కన ఒక పుల్ల ఆనించి పెట్టి క్లాసుకి వచ్చేశాం. సాయంత్రం బెల్లు కొట్టాక పరిగెత్తి చూస్తే మీసం పుల్లకి రెండు చుట్లు చుట్టుకుని ఉంది. అప్పుడు అరిచిన అరుపు పంచాయితీ ఆఫీసు దాకా వినబడి ఉంటుంది. మోదుగాకులు మూడేసి ఉంటాయని విస్తర్లు కుట్టేటప్పుడు చెప్పారు. మిరియం తీగకి కాస్తుందని, మన దగ్గర కాదు కేరళ వైపు కాస్తుందని మ్యాపులో చూపించారు. వేగుచుక్క చూసి రమ్మంటే మా నాన్న తెల్లారకముందే లేపారు, నేను అరుగు మీదే మళ్ళీ నిద్రపోయి బడిలో చూశానని అబద్ధం చెప్పాను. అది చుక్క కాదు, శుక్రగ్రహం అని ఆరోజే విన్నాను.

ఈమధ్య వాట్సాప్‌లో ఈ పాట మొత్తం గజ్జికి మందు తయారుచేసే పద్ధతి అని తెగ తిరుగుతోంది. ఉండొచ్చు, మూలికల పేర్లయితే ఉన్నాయి. కానీ దాన్ని నమ్మి పిల్లల కాళ్ళకి ఏదిపడితే అది రాయకండి బాబూ. టీచరమ్మ అయితే గజ్జి కంటికి కనపడనంత చిన్న పురుగు వల్ల వస్తుంది, డాక్టరు దగ్గరికి వెళ్ళండి అనేవారు.

పదో తరగతిలో తెలుగు మాస్టారు ముక్తపదగ్రస్తం అనే అలంకారం చెబుతూ, విడిచిన పదాన్నే మళ్ళీ పట్టుకోవడం అనగానే నేను ఉండబట్టలేక ‘వెలగా మొగ్గా, మొగ్గా కాదు మోదుగ’ అని పైకి అనేశాను. క్లాసంతా ఒకటే నవ్వు. మాస్టారు మాత్రం నవ్వలేదు, ఇంకోటి చెప్పు అన్నారు. నా దగ్గర ఇంకా ఏడు వరసలున్నాయి, గడగడా అప్పజెప్పేశాను.

మొన్న అందరం కలిసినప్పుడు బడి వరండాలో అయిదుగురం కాళ్ళు చాపుకుని కూర్చున్నాం, మోకాళ్ళు సహకరించకపోయినా. యాభై దగ్గరపడ్డా వాడు మాత్రం మొదట కూర్చోలేదు.