దిల్‌సుఖ్‌నగర్‌కు దక్కే 100 మిల్లీసెకన్లు

వీడియో గేమ్‌లో ఆటగాళ్లు ఒక టాలెంట్‌ను, అంటే తమ పాత్రకు ఎంచుకునే అదనపు శక్తిని, ముట్టుకోకపోతే, దాని బలం చాలడం లేదని ఎవరైనా అనుకుంటారు. బెర్లిన్‌లో మా స్టూడియోలోనూ ముందు అదే మాట వచ్చింది. ఆన్‌లైన్ ఆటలో యోధుడు, మాంత్రికుడు, వైద్యుడు వంటి క్లాసుల శక్తులు ఒకదాన్నొకటి మింగేయకుండా చూడటం ఇక్కడ నా ఉద్యోగం.

గొడవంతా యోధుడి టాలెంట్ ఒకదానితో వచ్చింది. బాస్ (ఆటలో ఎదురయ్యే పెద్ద శత్రువు) మంత్రం పూర్తయ్యే ముందు చివరి 300 మిల్లీసెకన్లలో దాన్ని ఆపగలిగితే, తర్వాతి దెబ్బ రెట్టింపవుతుంది. పరీక్షల సర్వర్ మా ఆఫీసులోనే ఉంది కాబట్టి మా అందరికీ చక్కగా కుదిరేది. భారత్ నుంచి ఆడేవాళ్లు మాత్రం దాన్ని ఎంచుకోవడం లేదు. దెబ్బను ఇంకో 10 శాతం పెంచుదామన్నారు.

సెలవులో హైదరాబాద్ వెళ్లి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా బాబాయి కొడుకు పక్కన కూర్చుని చూశాను. ఐరోపా సర్వర్‌కు అతని పింగ్, అంటే సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, 200 మిల్లీసెకన్ల దగ్గర ఆడుతోంది. “సరిగ్గానే నొక్కుతున్నాను కదా అన్నయ్యా, నువ్వే చూడు!” అన్నాడు. నిజంగానే సరిగ్గా నొక్కుతున్నాడు. కానీ బాస్ కదలిక అతని తెరమీదికి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది, అతని నొక్కు సర్వర్‌కు చేరడానికి మరో 100 పడుతుంది. తెరమీద కనిపించే 300లో మొదటి 100లో నొక్కితేనే లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత నొక్కితే, సర్వర్‌లో మంత్రం అప్పటికే పూర్తయి ఉంటుంది.

అలాంటప్పుడు దెబ్బను పెంచితే లాభపడేది సర్వర్‌కు దగ్గరున్నవాళ్లే. ఒకే క్లాసు, ఒకే టాలెంట్, ఊరిని బట్టి రెండు బలాలు! దీన్ని నేను ఒప్పుకోలేను.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒక శక్తి ముగియడానికి 400 మిల్లీసెకన్ల ముందే తర్వాతిది నొక్కి వరుసలో పెట్టుకోవచ్చు. దూరం నుంచి ఆడేవాళ్లకు అది పెద్ద ఊరట. అయితే దెబ్బ వెంట దెబ్బ వేయడానికే అది పనికొస్తుంది, ఎదుటివాడి కదలికను చూసి స్పందించాల్సిన చోట కాదు. నచ్చకపోతే టాలెంట్లను కొమ్మలుగా అమర్చిన చెట్టులో వేరే కొమ్మకు వెళ్తారులే అన్నాడు ఒక సహోద్యోగి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టే 2012లో టాలెంట్ చెట్లను తీసేసి, 2022లో మళ్లీ తెచ్చింది. ఆటగాళ్లకు ఎంపిక అంత ముఖ్యం. చేతికందని కొమ్మను ఎంపిక అని ఎలా అంటాం?

మంత్రాన్ని ఎప్పుడు ఆపినా ఫలితం దక్కాలని, చివరి క్షణానికి చిన్న అదనం మాత్రమే ఉండాలని ప్రతిపాదించాను. ఇప్పుడు ఆఫీసు పరీక్షల్లో అందరి కంప్యూటర్లకూ 200 మిల్లీసెకన్ల ఆలస్యం పెట్టించాను. పది శాతం పెంచుదామనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.