పులి అక్షరం దాకా: తైవాన్ కొండదారుల్లో తొమ్మిది రోజులు

మా తమ్ముడు తైవాన్‌లో సించూ అనే ఊళ్లో కంప్యూటర్ చిప్పుల కంపెనీలో పనిచేస్తున్నాడు, నాలుగేళ్లయింది. ఆదివారం ఎప్పుడు వీడియో కాల్ చేసినా వాడి వెనక ఏదో ఒక కొండ, పొగమంచు, చేతికి గ్లవుజులు. "ఒక్కసారి వచ్చి చూడక్కా, నడిస్తేనే తెలుస్తుంది" అని చెప్పీ చెప్పీ, చివరికి మొన్న నవంబరులో స్కూలుకి సెలవు పెట్టించి విశాఖ నుంచి సింగపూర్ మీదుగా రప్పించాడు. తొమ్మిది రోజులున్నాను, అందులో ఆరు రోజులు కొండల మీదే. వాటిలో నాకు బాగా నచ్చిన దారుల గురించి రాస్తున్నాను. కొండంటే ఎవరెస్టు ఎక్కేవాళ్లకే అనుకునే నా వయసు ఆడవాళ్లు ఇది చదవాలని నా కోరిక. నాకు 46. రోజూ నడక తప్ప వేరే వ్యాయామం లేదు.

తైవాన్ మొత్తం కలిపితే తెలంగాణలో మూడో వంతు కూడా ఉండదు. అంత చిన్న దీవిలో 3000 మీటర్లు దాటిన శిఖరాలు 268 ఉన్నాయంటే మొదట నమ్మలేదు. మన ఆంధ్రలో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా 1700 మీటర్ల లోపే కదా. సముద్రం అడుగున రెండు భూఫలకాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల లేచిన దీవి ఇది, ఇప్పటికీ లేస్తూనే ఉంది. భూకంపాలూ అందుకే. తారోకో లోయలో కొండ అంచున చెక్కిన పాత దారి ఒకటి నడవాలని ఎంతో అనుకున్నాను కానీ, 2024 ఏప్రిల్ 3 నాటి భూకంపానికి ఆ లోయ బాగా దెబ్బతింది, మేం అటు వెళ్లనే లేదు. అన్నిటికన్నా ఎత్తైన యూషాన్, 3952 మీటర్లు, దానికి ముందుగా పర్మిట్ కావాలి, పైన బసకి లాటరీ తీస్తారు. అదీ వదిలేశాం. వదిలేసినందుకు నాకేం బాధ లేదు, ఎందుకంటే ఈ దీవి మీద నాకు ప్రేమ పుట్టించినవి చిన్న కొండలే.

మొదటి రోజు సాయంత్రం తైపేలో ఏనుగు కొండ ఎక్కాం. మెట్రో దిగి నడిచి వెళ్లిపోవచ్చు, 183 మీటర్లే, అంతా రాతి మెట్లు. పైనుంచి 508 మీటర్ల తైపే 101 భవనం దీపాలతో ఎదురుగా నిలబడి ఉంటుంది. బాగుంది, కానీ ఫొటోల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. నాకు గుర్తుండిపోయింది మాత్రం అక్కడి ముసలివాళ్లు. డెబ్భై దాటిన తాతలు మెడలో తువ్వాలు వేసుకుని, చిన్న రేడియోలో పాటలు పెట్టుకుని, ఆగకుండా ఎక్కిపోతున్నారు. మన దగ్గర కొండెక్కడం అంటే మొక్కు. సింహాచలం మెట్లు నేనెప్పుడు ఎక్కినా ఏదో ఒక మొక్కు తీర్చుకోవడానికే ఎక్కాను. వీళ్లకి అది పొద్దున్నే టీ తాగినంత మామూలు పని. అది చూసి నాకు అసూయ కూడా కలిగింది, నిజంగా.

రెండో రోజు చిషింగ్ కొండ. పేరుకి అర్థం ఏడు నక్షత్రాలని, మన సప్తర్షి మండలమేనని తమ్ముడు చెప్పాడు. తైపే నగర పరిధిలో ఇదే ఎత్తైనది, 1120 మీటర్లు, ఒకప్పుడు అగ్నిపర్వతం. షావ్‌యోకెంగ్ అనే చోట బస్సు దిగితే అక్కడికే సగం పైన ఎత్తు వచ్చేసినట్టు, అక్కడి నుంచి శిఖరానికి 1.6 కిలోమీటర్లు. దారి మొదట్లోనే కొండ పక్కన నేల పగిలి ఆవిరి బుసలు కొడుతూ ఉంటుంది, పగుళ్ల చుట్టూ రాళ్లు పసుపు పూసినట్టు గంధకంతో మెరుస్తుంటాయి. దీపావళి మర్నాడు పొద్దున్న మన వీధిలో ఉండే వాసన గుర్తుందా, దానికి నాలుగింతల ఘాటు. కాసేపు ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకున్నాను, తర్వాత అలవాటైపోయింది.

ఆ మెట్ల మీదే ఒక పెద్దావిడ కలిసింది. రబ్బరు బూట్లు వేసుకుంది. వానాకాలం పొలానికి వేసుకెళ్లే రకం, అక్కడ చాలామంది కొండకి అవే వేసుకొస్తారు, బురదలో పట్టు బాగుంటుందట. నేను ఆయాసపడి ఒక రాయి మీద కూర్చుంటే తనూ పక్కన కూర్చుని, సంచిలోంచి డబ్బా తీసి జామకాయ ముక్కలు పెట్టింది. ముక్కల మీద ఎర్రటి పొడి, మన ఉప్పూకారం అనుకుని నోట్లో వేసుకుంటే పుల్లగా, తియ్యగా, కాస్త ఉప్పగా ఉంది. ఎండబెట్టిన రేగుపండు లాంటి ఏదో పండు పొడి అది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు, అయినా మూడు ముక్కలు తినేదాకా డబ్బా నా ముందు నుంచి తీయలేదు. అచ్చం మా మేనత్త. లేచేటప్పుడు నా భుజం తట్టి "జ్యాయో" అంది. ఆ మాట ఈ తొమ్మిది రోజుల్లో నూరుసార్లు విని ఉంటాను, ఎదురొచ్చే ప్రతివాళ్లూ అంటారు. దాని అర్థం నూనె పొయ్యమని! ఇంకొంచెం నూనె పొయ్యి, ఆగకు అని. ఆరబోతున్న దీపంలో నూనె పోసినట్టు పనిచేసేది నాకా మాట.

నాలుగో రోజు జింగ్వాషి. సముద్రం ఒడ్డున పాత బంగారు గనుల ఊరు, తైపే నుంచి రైల్లో రుయిఫాంగ్ దాకా వెళ్లి అక్కడి నుంచి బస్సు. ఊరి మీద ఒక కొండ, దాని నెత్తిన పిడి లేని టీ కెటిల్ ఆకారంలో పెద్ద రాయి, అందుకే దానికి టీపాట్ కొండ అని పేరు. 580 మీటర్ల వరకు ఉంటుంది. ఆ రోజు వాన. నవంబరులో మనకి ఈశాన్య రుతుపవనాలు ఎలాగో వాళ్లకీ అలాగే ఈశాన్యం నుంచి గాలి సముద్రం తేమనంతా మోసుకొచ్చి ఈ కొండలకి కొట్టిస్తుంది, ఈ ప్రాంతంలో చలికాలం అంతా ముసురే. గొడుగు పనికిరాదు, గాలికి తిరగబడిపోతుంది, రెయిన్‌కోటే దిక్కు.

దారికి రెండు పక్కలా చెట్లు లేవు, అంతా రెల్లు. మన ఏటి గట్ల మీద ఆశ్వయుజంలో పూసే రెల్లు లాంటిదే, కాకపోతే తడిసి వెండి రంగు తిరిగి కొండ మొత్తం ఒకే వైపు వంగి ఉంది. పైకెళ్లేకొద్దీ మెట్లు పోయి రాళ్లు వచ్చాయి, చివర్లో కెటిల్ రాయి దగ్గర తాళ్లు పట్టుకుని ఎక్కాలి. తాళ్లు లావుగా, చేతి పట్టు కోసం మధ్యమధ్య ముళ్లు వేసి ఉన్నాయి, కొన్ని ముళ్లు పాతబడి నల్లగా, కొన్ని కొత్తగా తెల్లగా. ఎవరో పాత తాడు అరిగిన చోట కొత్తది కలిపి కట్టారన్నమాట. కొండలెక్కే బృందాలవాళ్లు తమ పేరు రాసిన రంగు గుడ్డ పీలికలు దారి పొడుగునా కొమ్మలకి కడుతుంటారు, మలుపు దగ్గర మీరు తప్పిపోకుండా. ఆ పీలికలూ, ఆ కొత్త ముళ్లూ చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. నన్నెప్పుడూ చూడనివాళ్లు నేను జారకూడదని చేసిన పని అది.

తడి రాయి మీద నాకు ధైర్యం చాలలేదు. తమ్ముడు తాడు పట్టుకుని రాయి లోపలి సందులోకి వెళ్లొచ్చాడు, నేను కిందే కూర్చున్నాను. ఇరవై నిమిషాలు పొగమంచు తప్ప ఏమీ లేదు. తర్వాత ఒక్కసారిగా తెర తీసినట్టు తొలగిపోయింది. కింద సముద్రం రెండు రంగుల్లో ఉంది, ఒడ్డు దగ్గర పసుపు, దాటితే నీలం. కొండలోని ఇనుప ఖనిజాలు కొట్టుకొచ్చి నీళ్లలో కలవడం వల్ల అలా. పక్కన పాత రాగి కర్మాగారం మెట్లు మెట్లుగా శిథిలమై ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి, జపాన్ సైన్యం సింగపూర్‌లో పట్టుకున్న బ్రిటిష్, కామన్వెల్త్ సైనికుల్ని తెచ్చి ఇక్కడి రాగి గనిలో పనిచేయించింది. ఆ క్యాంపు ఉన్న చోట ఇప్పుడొక స్మారకం ఉంది. దిగేటప్పుడు అక్కడ ఆగాం. మేం సరదాగా నడిచిన కొండ లోపలే ఆ మనుషులు ఆకలితో రాగి తవ్వారన్నది ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

తిండి గురించి ఒక మాట, శాకాహారులు అడుగుతారు కాబట్టి. తైవాన్‌లో బౌద్ధుల వల్ల శాకాహార హోటళ్లు చాలా ఉన్నాయి, కొన్ని బోర్డుల మీద స్వస్తిక గుర్తు కూడా ఉంటుంది. "వొ చి సూ", అంటే నేను శాకాహారం తింటాను, ఈ ఒక్క ముక్క నేర్చుకుంటే గడిచిపోతుంది. కొండకి మాత్రం మేం పట్టుకెళ్లింది కాల్చిన చిలగడదుంపలు. ప్రతి సందు చివరా ఉండే చిన్న స్టోర్లలో వేడివేడిగా అమ్ముతారు. కోటు జేబులో పెట్టుకుంటే చేతులు వెచ్చగా ఉంటాయి, ఆకలేస్తే అదే టిఫిన్.

ఆరో రోజు ఎత్తు చూపిస్తానని తమ్ముడు కారు మాట్లాడి హహ్వాన్ కొండలకి తీసుకెళ్లాడు. పూలి ఊరి దగ్గర రోడ్డు పక్కన అన్నీ వక్క చెట్లు, సన్నగా నిటారుగా. వాళ్లూ వక్క, ఆకు, సున్నం కలిపి నములుతారు, చూసి ఎంత ముచ్చటేసిందో. అక్కడి నుంచి రెండు గంటల్లో అరటి, వక్క పోయి దేవదారు లాంటి చెట్లు, అవీ పోయి మోకాలెత్తు వెదురు గడ్డి. ఒకే రోడ్డు మీద కోనసీమ నుంచి హిమాలయాల దాకా వెళ్లినట్టుంటుంది. వులింగ్ దగ్గర రోడ్డే 3275 మీటర్ల ఎత్తులో ఉంది, తైవాన్‌లో అంతకన్నా ఎత్తున తారు రోడ్డు లేదు. అక్కడే వచ్చింది ఇబ్బంది. పొద్దున్న సముద్ర మట్టం దగ్గర బయల్దేరి మధ్యాహ్నానికి అంత ఎత్తుకి వెళ్తే ఒంటికి అలవాటు పడే టైమ్ ఉండదు. నాకు తల పగిలిపోయింది, వాంతి వచ్చేలా ఉంది. తమ్ముడికి టెన్షన్. వెంటనే కిందికి దిగి 1700 మీటర్ల దగ్గర చింగ్‌జింగ్‌లో రాత్రికి ఉండిపోయాం. వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఒక రాత్రి మధ్యలో ఆగండి.

మర్నాడు తూర్పు శిఖరం ఎక్కగలిగాను. 3421 మీటర్లు, నడక కిలోమీటరే, కానీ పదడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చింది. పైన గాలి తప్ప చప్పుడు లేదు. కింద మబ్బులు పరుపులా పరుచుకుని, వాటిలోంచి శిఖరాలు దీవుల్లా పైకి తేలి ఉన్నాయి. అందమైనదే. అయినా నా మనసు మళ్లీ మళ్లీ తిరిగి వెళ్లేది అక్కడికి కాదు.

ఎనిమిదో రోజు నడిచిన త్సావ్‌లింగ్ దారికి. ఫులోంగ్ అనే సముద్రతీర ఊళ్లో రైలు దిగి, కొండ దాటి, అవతల దాలి స్టేషన్లో రైలెక్కడం, అంతే. 8.5 కిలోమీటర్లు. చైనా చింగ్ రాజుల కాలంలో తైపే వైపు నుంచి ఈలాన్ మైదానానికి వెళ్లాలంటే ఇదే బాట. వ్యాపారులూ, కూలీలూ, అధికారులూ నడిచి నడిచి అరిగిన రాళ్లు. చిన్న వాగు పక్కనే చాలాదూరం వెళ్తుంది, వాగు మీద ఒక వంతెనకి గుర్రం పడి చచ్చిన వంతెన అని పేరు. తర్వాత పెద్ద బండ మీద నాలుగు అక్షరాల శాసనం, ఇంకొంచెం పైకెళ్తే పులి అక్షరం. 1867లో లియూ మింగ్‌డెంగ్ అనే సేనాధిపతి ఈ దారిన వస్తుంటే కనుమ దగ్గర గాలీ పొగమంచూ ముందుకి కదలనివ్వలేదట. పాత చైనా నమ్మకంలో గాలి పులి వెంట నడుస్తుంది, అందుకని గాలిని అదుపులో పెట్టడానికి పులి అనే అక్షరం రాతి మీద చెక్కించాడని చెబుతారు.

నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మనిషెత్తు రాయి. అక్షరం గొలుసుకట్టు రాతలో ఉంటుంది, పైన తల తిప్పినట్టు మొదలై, నడుం దగ్గర ఒంపు తిరిగి, చివరి గీత తోకలా కిందికి లాగేసి ఉంది. గాడిలో వాన నీళ్లు నిలిచి, నాచు పట్టి పచ్చగా మెరుస్తోంది. చైనీస్ ఒక్క ముక్క రాని నాకు కూడా అందులో పులి కనిపించింది. వెనక రెల్లు అంతా గాలికి వంగి లేస్తోంది, ఆ కనుమలో గాలి ఇప్పటికీ అలాగే ఉంది, రెయిన్‌కోటు టోపీ నిలవడం లేదు. పక్కనే చిన్న రాతి గుడిలో నేల దేవుడు, వాళ్ల ఊరి పొలిమేర దేవుడు. ఎవరో కమలాపండ్లు పెట్టి వెళ్లారు. నా జేబులో మిగిలిన చిలగడదుంప ఒకటి నేనూ పెట్టి దండం పెట్టుకున్నాను.

కనుమ దాటగానే ఒక్క అడుగులో పసిఫిక్ సముద్రం మొత్తం కళ్ల ముందుకొచ్చేసింది. నీళ్లలో దూరంగా తాబేలు ఆకారంలో ఒక దీవి, తల, డిప్ప, తోక అన్నీ తెలుస్తున్నాయి. పేరు కూడా తాబేలు కొండ దీవే. శ్రీకూర్మంలో చిన్నప్పుడు అమ్మ మమ్మల్ని ఇద్దర్నీ ఎత్తి చూపించిన మూలవిరాట్టు గుర్తొచ్చి తమ్ముడి వైపు చూశాను, వాడూ అదే అనుకుంటున్నాడు. "అమ్మకి ఫొటో పంపక్కా" అన్నాడు.

అక్కడి నుంచి అంతా దిగుడే. మోకాళ్లు వణికాయి కానీ మధ్యాహ్నం మూడుకి దాలి దగ్గర గుడికి చేరాం. గుడి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పి, ఫ్లాస్కులో మిగిలిన టీ ఇద్దరం పంచుకున్నాం. కింద స్టేషన్లో రైలుకి ఇంకా నలభై నిమిషాలుంది. తాబేలు దీవి మీద వాన పడుతోంది, మా మీద ఎండ ఉంది.