హ్యాండిల్ అర అంగుళం వెనక్కి

అక్టోబర్ చివరి ఆదివారం. ఇక్కడ ఇంగ్లండ్‌లో శీతాకాలం లెక్కకి రాత్రి గడియారాలు గంట వెనక్కి జరిగాయి కాబట్టి పొద్దున ఒక గంట కలిసొచ్చింది. సాయంత్రం మాత్రం ఐదు కొట్టేసరికి చీకటే. లెస్టర్‌లో ఇక ఏ రాత్రి మంచు పడుతుందంటే ఆ రాత్రే రోడ్ల మీద ఉప్పు చల్లే లారీలు తిరుగుతాయి. ఈలోగా నా బైకు స్పీడ్‌మాస్టర్ పని చూసుకోవాలి. వాన లేదు, గాలి లేదు, గ్యారేజీ తలుపు తెరిచి పెట్టుకుని పని చేసుకునేంత వెచ్చగా ఉంది.

ట్రయంఫ్ బానవిల్ స్పీడ్‌మాస్టర్ 1200 గురించి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 2018 మోడలుగా వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన బాబర్‌కీ దీనికీ అస్థిపంజరం దాదాపు ఒకటే. బాబర్‌కి ఒంటి సీటు, బల్లపరుపు హ్యాండిల్. దీనికి వెనక ఇంకొకరు కూర్చునే చోటు, ముందుకు జరిగిన ఫుట్‌రెస్టులు, రైడర్ వైపు బాగా వంగిన హ్యాండిల్. చూపుకి 1950ల నాటి బండి. కార్బొరేటర్లలా కనబడేవి నిజానికి ఇంజెక్షన్ థ్రాటిల్ బాడీలు. రేడియేటర్‌ని ఫ్రేము ముందు గొట్టాల మధ్య ఇరికించారు. వెనక షాకబ్జర్ సీటు కింద దాక్కుంది. ఈ దాచిపెట్టడమంతా నాకు చాలా ఇష్టం. కాకపోతే ఏ చిన్న పనికైనా ముందు రెండు వస్తువులు విప్పాలి.

ఇలాంటి బండి కొన్నవాళ్లు నూటికి తొంభై మంది సైలెన్సర్‌తో మొదలుపెడతారు. నా లెక్కలో అది చిట్టచివరి పని. ముందు చేతులు, నడుము, కాళ్లు బండికి కుదరాలి. పైగా వీటిలో ఒకటి కదిపితే ఇంకోటి కదులుతుంది. హ్యాండిల్ దగ్గరకొస్తే నడుము నిలువవుతుంది, బరువు వెనక చక్రం మీదికి జరుగుతుంది, షాకబ్జర్ ఎక్కువ కుంగుతుంది, కుంగిన కొద్దీ చైను బిగువు మారుతుంది. అందుకే వరస ముఖ్యం: హ్యాండిల్, ఒక రైడు, షాకబ్జర్, ఆఖర్న చైను.

హ్యాండిల్ మార్చకుండా, ఉన్నదాన్నే క్లాంపులో, అంటే దాన్ని పట్టి ఉంచే బిగింపులో, కాస్త తిప్పితే సగం మందికి మణికట్టు నొప్పి పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. ట్యాంకు మీద పాత దుప్పటి పరవాలి, అల్లెన్ కీ జారితే పెయింటు మీద గీత ఖాయం. హ్యాండిల్‌కీ క్లాంపుకీ కలిసి పడేలా మాస్కింగ్ టేపు అంటించి, పెన్నుతో ఒక గీత గీసి, టేపుని అతుకు దగ్గర బ్లేడుతో కోయాలి. ఎంత తిప్పామో ఆ గీతే చెబుతుంది, నచ్చకపోతే వెనక్కి తేవడానికీ అదే గుర్తు. తర్వాత క్లాంపు నాలుగు బోల్టులూ హ్యాండిల్ చేత్తో బిగువుగా తిరిగేంత మేరకే లూజు చెయ్యాలి. పూర్తిగా విప్పితే హ్యాండిల్ వచ్చి ట్యాంకు మీద పడుతుంది.

ఎంత తిప్పాలన్నది కళ్లు మూసుకునే తేల్చుకోవాలి. బండి నిటారుగా పెట్టి, ఎప్పటిలా కూర్చుని, కళ్లు మూసుకుని చేతులు చాపాలి. వేళ్లు ఎక్కడ పడితే గ్రిప్పు అక్కడికి రావాలి. ఇవాళ గ్రిప్పు చివర అర అంగుళం వెనక్కి, రవ్వంత కిందికి వచ్చింది. క్లాంపు దగ్గర గీత జరిగింది రెండు మిల్లీమీటర్లు కూడా లేదు.

హ్యాండిల్ తిరిగాక చూడాల్సినవే ఎక్కువ. స్విచ్‌ల డబ్బాలకి లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది హ్యాండిల్‌కున్న రంధ్రంలో కూర్చుంటుంది. కాబట్టి స్విచ్‌లు హ్యాండిల్‌తో పాటే తిరిగిపోతాయి. బ్రేకు, క్లచ్ లీవర్లని మాత్రం విడిగా సర్దుకోవాలి. ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉన్నప్పుడు వేళ్లు లీవర్ మీద పడాలి. బ్రేకాయిల్ డబ్బా మళ్లీ సమంగా ఉండాలి. అది వాలిపోతే మట్టం తప్పు చూపిస్తుంది, ఆయిల్ తక్కువున్నప్పుడు గొట్టంలోకి గాలి పోతుంది, లీవర్ స్పాంజిలా మెత్తబడుతుంది.

ఆ తర్వాత హ్యాండిల్‌ని ఎడమకి పూర్తిగా, కుడికి పూర్తిగా తిప్పి చూడాలి. గ్రిప్పుకీ ట్యాంకుకీ మధ్య కనీసం బొటనవేలు పట్టాలి, లేకపోతే పార్కింగులో బండి తిప్పేటప్పుడు వేళ్లు నలుగుతాయి. క్లచ్ లీవర్ దగ్గర 2 నుంచి 3 మి.మీ. ఆట, అంటే వదులు, ఉండాలి, అది రెండు వైపులా తిప్పినప్పుడూ అలాగే ఉండాలి. ఒకవైపు తిప్పగానే ఆట తగ్గిందంటే వైరు లాగుతోందని అర్థం. అలాగే నడిపితే క్లచ్ జారుతుంది, ప్లేట్లు కాలతాయి. యాక్సిలరేటర్‌కి క్లచ్‌లా లాగే వైరు లేదు, అంతా కరెంటు సంకేతమే. కానీ గ్రిప్పు నుంచి వచ్చే కరెంటు వైరింగు హ్యాండిల్ తిరిగే ఫ్రేము తల దగ్గర నలిగితే ఇంజిన్ లైటు వెలిగి బండి శక్తి తగ్గించేసుకుంటుంది, అదీ సరిగ్గా మలుపులోనే. అందుకని టై ముడులు ఎక్కడ బిగిశాయో టార్చి వేసి చూశాను. బోల్టుల్ని ఏ వరసలో, ఎంత టార్కుతో బిగించాలన్నది మాన్యువల్ ప్రకారమే. కొన్ని క్లాంపుల్లో ముందు బోల్టులు పూర్తిగా ఆనాకే వెనకవి బిగించాలి, కొన్నిట్లో ముందూ వెనకా సందు సమంగా ఉండాలి.

కొత్త హ్యాండిల్ కొనాలనుకునేవాళ్లు ముందు వెర్నియర్‌తో పాతదాని మందం కొలవాలి. 22 మి.మీ.ది వేరు, అంగుళంది అంటే 25.4 మి.మీ.ది వేరు, దేనికది క్లాంపూ గ్రిప్పూ కూడా వేరే. బయట కొన్నదానికి స్విచ్ పిన్ను రంధ్రం ఉండదు. అన్నీ బిగించి, కూర్చుని చూసుకుని, గుర్తు పెట్టుకున్నాకే డ్రిల్లు పట్టాలి. పిన్ను కోసేసి స్విచ్ డబ్బాని బిగింపుతోనే నిలబెడదామనుకునే వాళ్లున్నారు. వానలో గట్టిగా యాక్సిలరేటర్ తిప్పినప్పుడు డబ్బా మొత్తం తిరిగితే ఏమవుతుందో వాళ్లు ఆలోచించడం లేదు. హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లు అంగుళం ఎత్తు దాకా అయితే సాధారణంగా పాత వైర్లే సరిపోతాయి. ఆ పైన క్లచ్ వైరు, బ్రేకు గొట్టం, రెంటి పొడవూ పెరగాలి. ఖర్చు హ్యాండిల్‌ది కాదు, దాని వెనకొచ్చే వాటిది.

టీ తాగుతుంటే హైదరాబాద్ నుంచి తమ్ముడి మెసేజి: "అన్నా, బాబర్ వచ్చేసింది. సైలెన్సర్ ఏది వెయ్యమంటావ్?" బాబాయి కొడుకే, వాడి సంబరం నాకు తెలుసు. వాడికి రాసింది ఇక్కడా రాసుకుంటున్నాను. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, సైలెన్సర్ దానికిందికే వస్తుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది అదే. ఇక్కడ ఇంగ్లండ్‌లోనూ సులువేం కాదు. రోడ్డు మీద వాడకూడదని ముద్ర ఉన్న సైలెన్సర్‌తో ఎంఓటీ, అంటే ఏటా బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో చూసే పరీక్ష, గట్టెక్కదు, చేసిన ప్రతి మార్పూ ఇన్సూరెన్స్‌కి చెప్పాలి. చట్టం సంగతి అలా ఉంచితే, పైపు విప్పినప్పుడల్లా ఇంజిన్ దగ్గర గాస్కెట్లు కొత్తవి వెయ్యాలి. పాతవి ఒకసారి నలిగాక మళ్లీ సరిగా పట్టవు. ఆ సందులోంచి గాలి లోపలికి పోతే ఆక్సిజన్ సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటపా పేలుతుంది. చాలామంది ఆ పేలుడే సైలెన్సర్ గొప్పనుకుంటారు. "ముందు హ్యాండిల్ సర్దుకోరా, ఆరు నెలలు నడిపాక మాట్లాడదాం" అన్నాను.

మధ్యాహ్నం ఏ47 రోడ్డు మీద హింక్లీ, నన్‌ఈటన్, అక్కణ్ణుంచి బీ4102 పట్టుకుని ఆస్ట్లీ, ఫిలాంగ్లీ మీదుగా మెరిడెన్. చెట్ల కింద తడి ఆకులు, పొలాల గేట్ల దగ్గర ట్రాక్టర్లు లాక్కొచ్చిన బురద. రెయిన్ మోడ్‌లో పెట్టి మూడో గేరులోనే ఎక్కువ దూరం. 4,000 ఆర్‌పీఎం దగ్గరే 106 న్యూటన్ మీటర్ల టార్కు ఇచ్చే ఇంజిన్ ఇది, దీన్ని అరిపించాల్సిన పని లేదు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంకు, 270 డిగ్రీలది. రెండు సిలిండర్లు ఒకసారి 270 డిగ్రీల తేడాతో, ఒకసారి 450 డిగ్రీల తేడాతో పేలతాయి కాబట్టి చప్పుడు వీ-ట్విన్‌లా విరిగి విరిగి వస్తుంది. ఎంత విన్నా తనివి తీరదు. మలుపుల్లో ఫుట్‌రెస్టు త్వరగానే నేలకి రాసుకుంటుంది, ఈ బండి వంగే హద్దు అంతే. మలుపులోకి వచ్చాక కాక ముందే వేగం తగ్గించుకుని, లోపల యాక్సిలరేటర్ సన్నగా తెరిచి ఉంచితే వెనక కుంగకుండా నిలబడుతుంది, నేలకి ఇంకాస్త ఎడం మిగులుతుంది.

మణికట్టు హాయిగా ఉంది. కానీ ఫిలాంగ్లీ దాటాక ఒక అతుకుల రోడ్డు మీద వెనక షాకబ్జర్ అడుగంటా కుంగి నడుముకి దెబ్బ తగిలింది. ఇంతకుముందు అదే చోట అలా లేదు. నిటారుగా కూర్చోవడంతో వెనక బరువు పెరిగిన ఫలితమే అది.

మెరిడెన్‌లో ఆగేది చూడ్డానికి ఏదో ఉందని కాదు. 1940 నవంబర్‌లో కోవెంట్రీ మీద జర్మన్ బాంబులు పడి ట్రయంఫ్ ఫ్యాక్టరీ నాశనమైతే, 1942లో ఇక్కడ కొత్తది కట్టారు. 1973లో మూసేస్తామంటే కార్మికులు గేట్లు మూసి కూర్చున్నారు, 1975 నుంచి సహకార సంఘంగా నడిపారు, 1983లో అది ఆగిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడు ఇళ్లు, వీధుల పేర్లు బానవిల్ క్లోజ్, డేటోనా డ్రైవ్. అదే 1983లో జాన్ బ్లూర్ ఆ పేరుని కొని హింక్లీలో మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పటి బానవిల్ బళ్లు చాలావరకు థాయ్‌లాండ్‌లోని చోన్‌బురిలో తయారవుతాయి. నాకు అందులో చిన్నతనమేమీ కనబడదు, వెల్డింగు చూస్తే చాలు.

తిరిగొచ్చాక షాకబ్జర్. స్పీడ్‌మాస్టర్ వెనక చక్రం పైకీ కిందికీ కదిలేది 73 మి.మీ. మాత్రమే. అందులో మనిషి కూర్చోగానే కుంగేది మూడో వంతు, అంటే 24, 25 మి.మీ. దగ్గర ఉండాలి. కొలవడానికి ఇద్దరు కావాలి. పక్కింటాయన టేపు పట్టుకున్నాడు. ఇరుసు మధ్య నుంచి నిలువుగా మడ్‌గార్డు మీద అంటించిన టేపు ముక్క దాకా: చక్రం నేల విడిచి వేలాడేలా ఎత్తినప్పుడు ఒక కొలత, జాకెట్టూ హెల్మెట్టూ అన్నీ వేసుకుని కూర్చుని రెండు సార్లు బండిని కుంగదీసి వదిలాక ఇంకో కొలత. తేడా 34 వచ్చింది. సీటు తీసి, సీ ఆకారపు పానాతో స్ప్రింగు బిగింపు ఒక మెట్టు పెంచితే 30, ఇంకో మెట్టుకి 26. అక్కడ ఆపేశాను. ఇంకా బిగిస్తే అంకె అందంగా వస్తుంది, కానీ చిన్న గతుకులకి కూడా సీటు మీంచి ఎగరేస్తుంది. వెనక లేస్తే హెడ్‌లైటు కిందికి చూస్తుంది, కాబట్టి గోడ మీద వెలుగు గీత చూసి దాన్నీ సర్దాలి.

అప్పుడు చైను. రైడు వేడి ఇంకా ఉండగానే కిరోసిన్ తడిపిన మెత్తని బ్రష్షుతో తుడవాలి. పెట్రోలు వద్దు, లింకుల్లో ఉన్న రబ్బరు రింగులు పాడవుతాయి. చక్రం తిప్పుతూ ఎక్కడ ఎక్కువ బిగుసుకుందో అక్కడే కొలవాలి. లూజుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే బిగుతు చోట గేర్‌బాక్సు బేరింగుని లాగేస్తుంది. ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కలా సర్దుడు బోల్టుల్ని సమానంగా తిప్పాలి. ఎం8 (8 మి.మీ.) బోల్టయితే ఒక చుట్టుకి 1.25 మి.మీ. జరుగుతుంది కాబట్టి, తలకున్న ఆరు పలకల్లో ఒక్కో పలకకీ 0.2 మి.మీ. జరుగుతుంది. పలకలు లెక్కపెట్టుకుంటే చక్రం వంకరపోదు. లూబ్ లోపలి వైపు నుంచి, పలచగా పట్టించి, రాత్రంతా ఆరనివ్వాలి.

చీకటి పడేలోపు స్పోకుల చివర బిగించే చిన్న నట్లకి, అంటే నిపుల్స్‌కి, బోల్టు తలలకి, సైలెన్సర్ పట్టీలకి తుప్పు పట్టనివ్వని ఏసీఎఫ్-50 నూనె గుడ్డతో రాశాను. స్ప్రే కొడితే డిస్కుల మీద పడుతుంది, ఆ జిడ్డు మీద బ్రేకు పట్టదు. ఉప్పు ముందు తినేది స్పోకు నిపుల్స్‌నే, అవి పట్టేశాక స్పోకు సర్దడం ఎవరి తరమూ కాదు. పైగా ఈ చక్రాలకి ట్యూబులుంటాయి, పంక్చరైతే బయట నుంచి ప్లగ్గు పెట్టి వచ్చేయడం కుదరదు, చక్రం ఊడదీయాల్సిందే. బ్యాటరీ 12.5 వోల్టులు చూపిస్తోంది, చార్జరు తగిలించాను. 12.4 కంటే కిందికి పోనివ్వకూడదు, అలారం రోజూ కొంచెం తాగుతూనే ఉంటుంది.

వచ్చే ఆదివారం రోడ్డు పొడిగా ఉంటే ఫిలాంగ్లీ దారిలోనే, అదే వేగంతో. ఆ అతుకుల మీద వెనక అడుగంటకపోతే ముందు ఫోర్కు సంగతి చూడొచ్చు. అంటితే ఇంకో మెట్టు.